వెనుకవైపు లేని గుర్తులు

ఇప్పుడే కథలో అడుగుపెట్టేవాళ్ళకు జరిగింది నాలుగు ముక్కల్లో చెబుతాను. లిప్‌నిక్ ఊరికి ఎగువన ఉన్న స్టోగ్ కొండ మీద కిర్స్టెన్ అనే డెన్మార్క్ టీచరమ్మ దారి తప్పి రాళ్ళవాగులో పడింది. తుంటి విరిగి, ఆరు గంటలు వానలో అలాగే పడి ఉంది. ప్రాణం దక్కింది. ఆమె సంచిలో 'రెండు రోజుల కొండ' అనే పసుపు అట్ట పుస్తకం దొరికింది. శని, ఆదివారాలు గడిపి వెళ్ళేవాళ్ళ కోసం ఆ పుస్తకం రాసింది పొలోనా. కొండ దారుల మీద గుర్తులు వేసే బాధ్యత కూడా పర్వతసంఘం ఆమెకే అప్పగించింది. దాంతో తప్పెవరిదో ఊరు తేల్చేసింది. నిన్న, శనివారం, పొలోనా ఆస్పత్రికి వెళ్ళి కిర్స్టెన్‌ను చూసింది. ఆమె చెప్పిన ఒక మాట విని ఇంటికి పోకుండా నేరుగా కొండెక్కింది.

ఇవాళ ఆదివారం. చర్చి ప్రార్థన అయిపోయి, జనం ఫైరింజన్ షెడ్డు మీది హాలులోకి చేరారు. ఊళ్ళో ఏ పంచాయితీ అయినా అక్కడే. ఎదురుగా బల్ల మీద ఒక కాగితం, దాని మీద ఒక పెన్ను. పొలోనా కోసమే ఆ రెండూ.

"చదివావుగా?" అన్నాడు రాయ్కో.

రాయ్కో కొండ మీది కొత్త హోటలు యజమాని, ఊరి పర్యాటక కమిటీకి పెద్ద. పొలోనాతో కలిసి ఎనిమిదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు.

"చదివాను. మళ్ళీ చదువుతాను, అందరూ వినాలి" అంది పొలోనా. కాగితం తీసుకుంది. "లార్చి దారిలో గుర్తులు పర్వతసంఘం తరఫున నేనే వేశాను. ఒకచోట అజాగ్రత్త వల్ల గుర్తు పక్కకు పడింది. దాన్ని సరిచేశాను. ఇట్లు, పొలోనా మెజాన్."

"అంతే. ఒక్క సంతకం. సంఘం నిన్ను మందలించి వదిలేస్తుంది. పుస్తకం మళ్ళీ అచ్చు వేసుకో, ఎవరూ ఏమీ అనరు."

"పెట్టకపోతే?"

"పెట్టకపోతే సంఘం నీ చేతిలో కుంచె తీసుకుంటుంది. పుస్తకాన్ని బస్ స్టాండ్ నుంచి నా హోటల్ దాకా ఏ కౌంటర్ మీదా ఉంచరు. నేను కోరుకుని చేస్తున్నది కాదు పొలోనా."

"నువ్వు కోరుకోకుండా ఈ ఊళ్ళో వాన కూడా పడట్లేదు కదా రాయ్కో."

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. రొట్టెల కొట్టు మారా అది. ఆమె కూడా సంఘంలో గుర్తులు వేసే మనిషే. "పన్నెండున్నరకి మా ఇంట్లో సూపు దించాలి. త్వరగా తేల్చండి తల్లీ" అంది.

పొలోనా కాగితాన్ని బల్ల మీద పెట్టింది. పెన్ను ముట్టుకోలేదు. ఆ కాగితంలో ఏముందో ఆమెకు రాత్రే అర్థమైంది. గుర్తు పక్కకు పడిందన్నది పైకి కనిపించే మాట. 'సంఘం తరఫున' అన్నదే అసలు మాట. లార్చి చెట్ల మధ్యగా పోయే ఆ దారి సంఘం దారి కాదు. నిరుడు వేసవి దాకా అక్కడ దారే లేదు. మేకలు తిరిగే వాలు అది. ఆమె సంతకం పడిన క్షణం నుంచి అది అధికారికంగా దారి అయిపోతుంది. గురువారం జూన్ ఇరవై అయిదు, దేశమంతా సెలవు. ఆ పూటకు రాజధాని ల్యుబ్ల్యానా నుంచి మూడు బస్సుల జనం లిప్‌నిక్ వస్తున్నారు. వాళ్ళందరూ ఆ దారినే ఎక్కుతారు.

ఆ దారిని గురువారంలోగా మూయించాలి. ఆమెకు కావలసింది అదొక్కటే.

"సంతకం పెట్టను" అంది.

రాయ్కో నిట్టూర్చాడు. జేబులోంచి పసుపు పుస్తకం తీశాడు. "సరే. ఇందులో ఏముందో కూడా అందరూ వినాలిగా. 'ఉన్ని మేజోళ్ళు రెండు జతలు పెట్టుకోండి, ఒక జత తడుస్తుంది, తడవదని అనుకోకండి.' బాగుంది. 'పైన సంఘం బసలో కార్డు పనిచేయదు, నోట్లు దగ్గరుంచుకోండి. ఆదివారం ఆఖరి బస్సు నాలుగింటికే, అది తప్పితే రాత్రి మా ఊళ్ళోనే, మీకు వేరే గతి లేదు.' " జనం నవ్వారు. రాయ్కో కూడా నవ్వాడు. "అమ్మాయి హాస్యం బాగానే రాస్తుంది. మరి ఇదేమిటి? 'బసకు ఆరు గంటల నడక. అంతకంటే దగ్గరి దారి ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి.' రెండు రోజుల కోసం వచ్చే మనిషికి ఆరు గంటల దారి చెబుతావా పొలోనా? శుక్రవారం రాత్రి ఆఫీసులోంచి బయటపడి, ఆదివారం సాయంత్రానికి ఇల్లు చేరాల్సిన వాడికి? రంపపు మిల్లు మూతపడింది. బడిలో పిల్లలు పదకొండు మంది. ఈ రెండు రోజుల మనుషులు లేకపోతే ఈ హాలుకు తాళం వేసుకోవడమే."

ఆ మాట అబద్ధం కాదు. పొలోనాకు తెలుసు. హాలులో సగం మంది మొహాలు అతని వైపు తిరిగాయి.

"వాళ్ళు రావద్దని నేనెప్పుడన్నాను? రమ్మనే కదా పుస్తకం రాసింది. వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళాలి అంటున్నాను. పన్నెండో పేజీ కూడా చదువు."

"దేనికి?"

"చదవడం మర్చిపోయావా? ఎనిమిదో తరగతిలో కూడా నేనే చదివి పెట్టేదాన్ని."

ఈసారి నవ్వింది మారా ఒక్కతే కాదు. రాయ్కో పేజీ తిప్పాడు. చదివాడు. " 'దారి తప్పామని అనుమానం వస్తే ముందుకు పోవద్దు. వెనక్కి తిరగండి. ఆఖరున చూసిన గుర్తు కనిపించేదాకా వెనక్కే నడవండి.' అయితే?"

"కిర్స్టెన్ అదే చేసింది. మబ్బు దిగింది. ముందు గుర్తు కనపడలేదు. నా పుస్తకం తీసి ఆ పేజీ చూసుకుని, వెనక్కి తిరిగింది. నిన్న ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని ఏం చెప్పిందో తెలుసా? 'నువ్వు చెప్పినట్టే చేశానమ్మా. వెనక్కి తిరిగి చూస్తే ఒక్క గుర్తూ లేదు. అప్పటిదాకా గుర్తుల మీదే నడిచొచ్చాను, తిరిగేసరికి అన్నీ మాయమైపోయాయి' అంది."

"పాపం, భయపడి ఉంటుంది. వయసైన ఆవిడ."

"ఆవిడకు అరవై. నీకంటే బాగా నడుస్తుంది." పొలోనా వెనక్కి తిరిగింది. "మారా అక్కా, నువ్వు రాయి మీద గుర్తు వేశాక ఏం చేస్తావు?"

"ఏం చేస్తాను? మూత పెట్టుకుంటాను."

"తర్వాత?"

"తర్వాత పది అడుగులు పైకి పోయి వెనక్కి తిరిగి చూస్తాను. దిగేవాడికి కనపడాలిగా. కనపడకపోతే రాయికి అవతలి వైపు ఇంకోటి వేస్తాను." మారా భుజాలు ఎగరేసింది. "చిన్నపిల్లని అడిగినట్టు అడుగుతావేం?"

"ఎప్పుడైనా వెయ్యకుండా వదిలేశావా?"

"వదిలేస్తే లోయ్జె మామ నా కుంచె నా నెత్తిన విరగ్గొట్టేవాడు."

అందరూ కిటికీ పక్క కుర్చీ వైపు చూశారు. లోయ్జె అక్కడ కూర్చుని ఉన్నాడు. డెబ్బై నాలుగేళ్ళు. పర్వతసంఘానికి అధ్యక్షుడు. ఎర్రటి వలయం, మధ్యలో తెల్లటి చుక్క, ఆ గుర్తు వేయడం సంఘంలో అందరికీ నేర్పింది ఆయనే. పొలోనాకు పంతొమ్మిదో ఏట నేర్పాడు. ఇవాళ ఆయన టోపీ తీయలేదు. పొద్దుటినుంచి ఒక్క మాట మాట్లాడలేదు.

పొలోనా ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. "నిన్న లార్చి దారిలో మొదటినుంచి చివరిదాకా ఎక్కాను. ముప్పై ఒక్క గుర్తులు. అన్నిటికీ ముందు ఫోటో తీశాను, వెనకా తీశాను. చూసుకోండి. ఎక్కేవాడికి ముప్పై ఒకటి. దిగేవాడికి సున్నా. ఒక్కదానికి కూడా వెనుకవైపు లేదు."

ఫోను చేతులు మారింది. కుర్చీలు కిర్రుమన్నాయి. ఫోటోలు చూసినవాళ్ళు పక్కవాళ్ళ మొహం చూశారు. మారా రెండు వేళ్ళతో బొమ్మను పెద్దది చేసి చాలాసేపు చూసింది. "వలయం గుండ్రంగానే ఉంది. చెయ్యి తిరిగినవాడే" అని గొణిగింది.

"మరి నేను వేశానని రాసిన కాగితం మీద నా చేత సంతకం పెట్టించుకోవాలని చూస్తున్నారు" అంది పొలోనా. "ఇరవై రెండేళ్ళుగా గుర్తులు వేస్తున్నాను. వెనుకవైపు లేకుండా ఒక్కటి వేసినట్టు ఎవరైనా చూపించండి, ఇప్పుడే పెడతాను సంతకం. ఇవి వేసినవాడు ఎక్కుతూ వేశాడు, దిగుతూ ఒక్కసారి కూడా చూడలేదు. ఎందుకంటే ఆ దారిన దిగలేదు. పైన నీ హోటల్ పక్కనుంచి రోప్‌వేలో కూర్చుని వచ్చేశాడు."

రాయ్కో పుస్తకం మూశాడు. అతని మొహంలో కంగారు లేదు. అది పొలోనాకు నచ్చలేదు.

"బాగా చెప్పావు. టీవీలో వెయ్యొచ్చు" అన్నాడు. "ఒక్క చిక్కుంది. ఆ గుర్తులు మే నెలలో పడ్డాయని మా కమిటీకి నువ్వే రాతపూర్వకంగా ఇచ్చావు. ఏప్రిల్‌లో అక్కడ మంచు, జూన్ మొదట్లో నువ్వు చూసేసరికి గుర్తులున్నాయి. అవునా? రోప్‌వే తీగ మార్చడానికి ఏప్రిల్ నుంచి జూన్ పది దాకా ఆపేశాం. ఊరందరికీ తెలుసు. మరి నీ దొంగ రెక్కలు కట్టుకుని దిగాడా?"

రాత్రంతా ఆలోచించిన పొలోనాకు ఆ ఒక్క సంగతి తట్టలేదు.

రాయ్కో పెన్నును ఒక్క వేలితో ఆమె వైపు జరిపాడు. "పెట్టమ్మా. మారా సూపు ఇగిరిపోతుంది."

"పెట్టను."

"ఇంకా ఏముందని?"

"ఏమీ లేకపోయినా పెట్టను. ఎలా దిగాడో నాకు తెలీదు. నేను వెయ్యలేదని మాత్రం నాకు తెలుసు. కుంచె తీసుకుంటావా, తీసుకో. పుస్తకాలు చెత్తలో పోస్తావా, పోసుకో. గురువారం పొద్దున ఆ దారి మొదట్లో అడ్డంగా కూర్చుంటాను. మూడు బస్సుల వాళ్ళూ నన్ను దాటుకుని ఎక్కాలి. ఒక్కొక్కరికీ కిర్స్టెన్ తుంటి ఎక్కడ విరిగిందో వేలు పెట్టి చూపిస్తాను."

"ఒకసారి తిప్పాను."

ఆ మాట గోడ పక్కనుంచి వచ్చింది. రోప్‌వే నడిపే సిల్వో. నలభై దాటినా మనుషుల మధ్య చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషి. రాయ్కో దగ్గరే జీతం.

"ఏం తిప్పావు?" అన్నాడు రాయ్కో.

"కేబిన్. మే పద్దెనిమిదిన. తీగ బిగించాక ఖాళీగా ఒకసారి తిప్పి చూడమన్నారుగా ఇంజనీర్లు. ఖాళీగానే పైకి పంపాను. వచ్చేటప్పుడు ఖాళీగా రాలేదు." సిల్వో నేల వైపు చూస్తున్నాడు. "చెప్పొద్దన్నారు. కానీ ఆ డెన్మార్క్ ఆవిణ్ణి స్ట్రెచర్ మీద దించింది నేనే. దారి పొడవునా నాకు థాంక్స్ చెబుతూనే ఉంది. అప్పటినుంచి తిండి సయించట్లేదు."

"ఎవరు దిగారు సిల్వో?" అంది పొలోనా.

సిల్వో తల ఎత్తాడు. అతను రాయ్కోను చూస్తాడనుకుంది పొలోనా. హాలులో అందరూ అలాగే అనుకున్నారు. అతను కిటికీ వైపు చూశాడు.

లోయ్జె టోపీ తీశాడు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి, మెల్లగా లేచాడు.

"నేనే" అన్నాడు.

పొలోనా ఆయన్ను చూస్తూ నిలబడిపోయింది. ఈ మనిషే కదా, వర్షంలో తనను మూడు సార్లు కొండ దింపి, మూడు సార్లు ఎక్కించి, "ఎక్కేవాడికి కళ్ళు ముందుంటాయి, దిగేవాడి కళ్ళు నువ్వే అవ్వాలి" అని చెప్పినవాడు.

"మామా, నువ్వా" అంది.

"బసకి నీళ్ళు లేవమ్మా. ఊట ఎండిపోయి రెండేళ్ళు. హోటల్ పైపులోంచి ఒక పాయ ఇస్తానన్నాడు రాయ్కో. బదులుగా దారికి గుర్తులు వెయ్యమన్నాడు. ఎక్కేవాళ్ళే తప్ప దిగేవాళ్ళుండరు, అందరూ రోప్‌వేలో వస్తారన్నాడు." ఆయన గొంతులో ఏడుపు లేదు, సాకు లేదు. "ఎక్కడం నాకిప్పటికీ వచ్చు. దిగడమే ఈ మోకాళ్ళ వల్ల కాదు. వెనక్కి తిరిగి చూడాలని తెలుసు. చూస్తే వెయ్యాలి, వెయ్యాలంటే పది అడుగులు దిగి, మళ్ళీ ఎక్కాలి. ముప్పై ఒక్క సార్లు. నొప్పికి భయపడ్డాను. ఆ దారిని పైనుంచి నేను ఒక్కసారి కూడా చూడలేదు. నీ మీదకి వస్తుందని ఊహించలేదు. వచ్చాక కూడా నోరు మూసుకుని కూర్చున్నాను. అది ఇంకా పెద్ద తప్పు."

ఆయన బల్ల దగ్గరికి నడిచాడు. పెన్ను తీసుకున్నాడు. పొలోనా పేరు కొట్టేసి, కింద తన పేరు రాశాడు.

రాయ్కో అందరికంటే ముందు తేరుకున్నాడు. "మంచిది. పెద్దాయన ఒప్పుకున్నాడు. ఆయన కూడా సంఘమేగా. ఇక గొడవ తీరింది. పొలోనా, నిన్ను ఇబ్బంది పెట్టినందుకు అందరి ముందూ క్షమాపణ అడుగుతున్నాను." కాగితం అందుకోబోయాడు.

పొలోనా దాని మీద అరచెయ్యి వేసింది.

ముందు ఆమె పేరుండేది, ఇప్పుడు లోయ్జె పేరుంది. పై రెండు వరుసలూ అలాగే ఉన్నాయి. 'సంఘం తరఫున.' రాయ్కోకు ఎవరి పేరైనా ఒకటే. చేతికింద కాగితాన్ని మడిచింది. మళ్ళీ మడిచింది. తర్వాత నింపాదిగా, నాలుగు ముక్కలు చేసింది.

"మామా, నీతో తర్వాత మాట్లాడతాను. చాలా మాట్లాడాలి" అంది. తర్వాత జనం వైపు తిరిగింది. "నేను వేసినా, నువ్వు వేసినా, ఆ దారిలో మనిషి తిరిగి రాలేడు. ఎవరు వేశారో తేల్చడానికి నేనిక్కడికి రాలేదు. దారి మూయించడానికి వచ్చాను. గుర్తులు వేసేవాళ్ళం ఈ హాల్లో అయిదుగురం ఉన్నాం. దారి మూయాలంటే సంఘంలో ముగ్గురు చేతులెత్తితే చాలు. నాది ఒకటి."

మారా చెయ్యి ఎత్తింది. "సూపు పోతే పోయింది."

మూడో చెయ్యి లోయ్జెది.

రాయ్కో ఇప్పుడు నిజంగానే కంగారుపడ్డాడు. కానీ అతను చూస్తున్నది ఆ మూడు చేతుల వైపు కాదు. కిటికీలోంచి కొండ వైపు. పొలోనా కూడా అటు చూసింది. పది నిమిషాల కిందట కనిపించిన రోప్‌వే పై స్టేషను ఇప్పుడు లేదు. తెల్లటి మబ్బు హోటల్‌ను మింగి, లార్చి చెట్ల మీదికి దిగుతోంది.

"రాయ్కో" అంది. "పైన ఎవరున్నారు?"

అతను జేబులోంచి ఫోను తీసి చూశాడు.

"ఎవరున్నారు అంటున్నాను."

"శని, ఆదివారాల వాళ్ళు. పద్నాలుగు మంది. గురువారానికి ముందు ఒకసారి నడిపించి చూద్దామని. పదింటికి బయలుదేరారు, లార్చి దారిన."

"తోడు ఎవరు?"

"తోడు అక్కర్లేదనుకున్నాం. గుర్తులున్నాయి కదా. ఒక్కొక్కరి సంచిలో..." అతను ఆగాడు. "నీ పుస్తకం పెట్టాం."

పన్నెండో పేజీ. వాళ్ళు ఇప్పుడు ఆ మబ్బులో నిలబడి దాన్నే చదువుతూ ఉంటారు. చదివి, వెనక్కి తిరుగుతారు.

ఫోన్లకు ఆ వాలు మీద సిగ్నల్ రాదు. ఎవరినీ అడగకుండానే పొలోనా పురమాయించడం మొదలుపెట్టింది. "సిల్వో, గాలి లేదు, కేబిన్ వెళుతుందా?"

"వెళుతుంది."

"మారా అక్కను తీసుకుని పైకి పో. పైనుంచి అరుస్తూ దిగండి, వాగు దాటకుండా. అక్కడ కనపడినవాళ్ళను హోటల్‌కి ఎక్కించండి. మామా, నువ్వు చర్చికి వెళ్ళు. గంట కొట్టించు, ఆపకుండా. మబ్బులో ఊరు ఎటుందో కనీసం వినపడుతుంది."

"నేనూ ఎక్కగలను పొలోనా."

"ఎక్కగలవు. నిన్ను దించేదెవరు?" అంది. ఆ మాట అన్నాక ఆమెకే బాధేసింది. ఆయన భుజం మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది. "గంట, మామా. నువ్వయితేనే ఆపకుండా కొట్టిస్తావు."

"మరి నువ్వు?" అన్నాడు రాయ్కో.

"కింద నుంచి. నీ గుర్తులకి వెనుకవైపు వేసుకుంటూ."

పొద్దున హాలుకు వచ్చేటప్పుడు ఆమె ఆ ముప్పై ఒకటీ చెరిపేయాలన్న పంతంతో వచ్చింది. ఇప్పుడు వాటినే నమ్మదగినవిగా చెయ్యాలి. ఆ పద్నాలుగు మందికీ ఉన్న దారి అదొక్కటే. హాలు వెనకున్న సంఘం సామాను గదిలోంచి ఎరుపు డబ్బా, తెలుపు డబ్బా తెచ్చుకుంది. రెండు కుంచెలు నడుముకు దోపుకుంది. వెళ్ళేటప్పుడు రాయ్కో తలుపు దగ్గర అడ్డంగా నిలబడి ఉన్నాడు. "పొలోనా, ఇది పేపర్లో పడితే గురువారం బస్సులు రావు" అన్నాడు.

"ఇవాళ్టి పద్నాలుగు మంది రానీ ముందు" అంది. భుజంతో అతన్ని నెట్టుకుని మెట్లు దిగింది.

మొదటి గుర్తు మేకల కంచె దాటాక ఉంది. పదడుగులు పైకి వెళ్ళి తిరిగి చూసింది, రాయి వెనకభాగం బోడిగా ఉంది. తెల్లచుక్క, చుట్టూ ఎర్ర వలయం. నిమిషం పట్టలేదు. రెండు. మూడు. నాలుగో దగ్గరికి వచ్చేసరికి కింద ఊళ్ళో గంట మోగడం మొదలైంది. తడిసిన రాయి మీద రంగు జారుతోంది. అయినా ఎరుపు ఎరుపుగానే కనిపిస్తోంది, అది చాలు. ప్రతి గుర్తు దగ్గరా నోటి చుట్టూ చేతులు పెట్టి పిలిచింది. "ఎవరైనా ఉన్నారా? ఉన్నచోటే ఉండండి. కదలొద్దు. నేనొస్తున్నాను." మబ్బు ఆమె గొంతును దూదిలా పీల్చేసుకుంది. జవాబు లేదు.

పన్నెండు. పదమూడు. మోచేతి దాకా ఎర్రరంగు. పద్దెనిమిదో గుర్తు పెద్ద లార్చి చెట్టు కింద రాయి మీద. అక్కడినుంచి దారి ఎడమవైపు గట్టు మీదుగా పోతుంది. కుడివైపు పదిహేను అడుగులు పోతే రాళ్ళవాగు.

లార్చి దాటి పదడుగులు వేసి, ఎప్పటిలాగే వెనక్కి తిరిగింది.

గుర్తు ఉంది.

తను వేయలేదు. నిన్న తీసిన ఫోటోలో ఇక్కడ బోడిరాయి. ఇప్పుడు ఎర్రటి వలయం, మధ్యలో తెల్లటి చుక్క, గుండ్రంగా, తీరుగా. మొదట ఆమెకు సంతోషమే కలిగింది. ఎవరో తనలాగే ఆలోచించి ముందొచ్చారు. అప్పుడు ఆ రాయి ఏదో చూసింది. అది లార్చి కింది రాయి కాదు. దానికి పక్కగా, పదిహేను అడుగుల దూరంలో, వాగు అంచున ఉన్న రాయి. పైనుంచి దిగుతున్న మనిషి దాన్ని చూసి దాని దగ్గరికి నడిస్తే, తర్వాతి అడుగు గాలిలోనే.

పొలోనా ఆ రాయి దగ్గరికి మోకాళ్ళ మీద పాకి వెళ్ళి, వలయం మీద వేలు పెట్టింది.

తడి. మబ్బు తడి కాదు. వేలికి ఎరుపు అంటుకుంది.

ఆ రంగు వేసి అయిదు నిమిషాలు కూడా అయి ఉండదు. లోయ్జె గంట దగ్గర ఉన్నాడు. రాయ్కోను ఆమె తలుపు దగ్గర వదిలేసి వచ్చింది. సిల్వో, మారా కేబిన్‌లో ఉన్నారు. గుర్తులు వేయడం వచ్చిన మిగతా ఇద్దరూ తను బయలుదేరేసరికి హాలులోనే కూర్చుని ఉన్నారు. ఊళ్ళో కుంచె పట్టడం తెలిసిన మనిషి ఇంకొకరు లేరు.

ఆమె ఊపిరి బిగబట్టి వింది. కింద గంట. పైన, మబ్బులో, మరీ దూరంలో కాదు, రంగు డబ్బా మూత రాయికి తగిలిన చప్పుడు. దాని వెనకే నింపాదిగా ఒక మగ గొంతు, ఎవరినో పిలుస్తోంది:

"ఇటు రండి, ఇటు. గుర్తు ఇక్కడుంది."